లాగితే రాని చెయ్యి

లాగకండి. పక్షవాతంతో పడిపోయిన చేతిని ఎవరూ, ఏ కారణంతోనూ, ఎంత ప్రేమ ఉన్నా సరే, లాగకండి. ఈ ఒక్క ముక్క ముందే రాసేశాను కాబట్టి తక్కినది మీరు చదివినా చదవకపోయినా నాకు బెంగ లేదు. నాకు చెప్పేవాళ్లు లేక కాదు. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది, కాగితం మీద బొమ్మలు గీసి మరీ ఇచ్చింది. మంచం ఊగుతోందని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టించి కోడు కింద దోపించాను. అలాంటి మనిషిని నేను.

నా పేరు సింహాచలం. యాభై తొమ్మిదేళ్లు. మా నాన్న విజయనగరం దగ్గర పల్లె వదిలి, ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో భిలాయి వచ్చాడు. నేను ఇక్కడే కూలీల బస్తీ క్యాంప్ వన్‌లో పుట్టాను, తెలుగు మీడియం బడిలో పదో తరగతి దాకా చదివాను, తరవాత ఆయనలాగే ఖలాసీనయ్యాను. ఖలాసీ పనంటే బరువులెత్తడం. క్రేను దూరలేని చోట చైన్ కప్పీ కట్టి, టన్నుల కొద్దీ ఇనుముని గొలుసు మీద పైకి లాగి, వెంట్రుకవాసి తేడా లేకుండా దాని చోట కూర్చోబెడతాం. పడిపోయేనాటికి ఒక కాంట్రాక్టరు కింద పద్దెనిమిది మంది గ్యాంగుకి మేస్త్రీని. పనిలో నా నోరూ ఆగేది కాదు, చెయ్యీ ఆగేది కాదు. గ్యాంగులో నాకు భయపడనివాడు తవుడు ఒక్కడే. నాతో ముప్పై ఏళ్లు పనిచేశాడు, నాకు తమ్ముడి వరస.

వానలు మొదలైన నెల

ప్లాంటులో ఒక షాపు, అంటే ఒక విభాగం, షట్‌డౌన్‌లో ఉంది. మిషన్లు ఆపి, గంటలు లెక్కబెట్టుకుంటూ మరమ్మతు చేసే రోజులవి. ఒక గేర్‌బాక్సు దించాలి. దాన్ని పట్టుకున్న బ్రాకెట్టుని వెల్డర్ రామ్‌ధన్ కోసి ఉండాల్సింది, కొయ్యలేదు, మూలన కూర్చుని టీ తాగుతున్నాడు. నాకు బీపీ ఉందని రెండేళ్ల కిందటే చెప్పారు. మాత్రలు వేసుకుంటే మత్తుగా ఉంటోందని నేనే మానేశాను. రామ్‌ధన్ చేతిలో గ్లాసుని కాలితో తన్ని, వాడి చెంప పగలగొడదామని కుడిచెయ్యి ఎత్తాను.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ఎడమ కాలు మాత్రం నా కింద లేదు. నోట్లోంచి తిట్టు సగమే వచ్చింది, మిగతా సగం చొంగగా కారింది. ఎడమ చెయ్యి పక్కనే వేలాడుతోంది, అది ఎవరిదో నాకు తెలియలేదు. నేను పడేచోట ఇనుప దూలం ఉంది. నా తల దానికి కొట్టుకోకుండా రెండు చేతులా పట్టుకున్నది రామ్‌ధనే. అంబులెన్సులో నా తలని ఒళ్లో పెట్టుకుని, "కుఛ్ నహీ హోగా ఉస్తాద్, ఏమీ అవదు" అని ఆసుపత్రి దాకా అంటూనే ఉన్నాడు. నేను వాడి ప్యాంటు మీద వాంతి చేసుకున్నాను.

వాడికి క్షమాపణ చెప్పడానికి నాకు పది నెలలు పట్టింది. చెప్తే నవ్వేసి, "ఆ రోజు కొట్టేసి ఉంటే పడేవాడివి కాదేమో" అన్నాడు.

ఆసుపత్రిలో పదకొండు రోజులు

పైడమ్మ నా భార్య. మా మేనత్త కూతురు. నన్ను చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుస్తుంది. నన్ను లోపలికి తీసుకెళ్లాక బయట బెంచీ మీద, నా కాళ్ల నుంచి ఊడదీసిన బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. రెండు పగళ్లు ఎవరు చెప్పినా ఆ బూట్లు కింద పెట్టలేదని మా అమ్మాయి రేణు తరవాత చెప్పింది. పక్క బెంచీ మీద దగ్గర్లోని కుమ్హారి ఊరి నుంచి వచ్చిన ఒక ముసలావిడ తన రొట్టెల్లో సగం తుంచి ఈమెకి పెట్టేదట. ఆవిడ కొడుకు బతకలేదు. వెళ్లిపోయేటప్పుడు కూడా మిగిలిన రొట్టెలు పైడమ్మ పక్కనే పెట్టి వెళ్లిందట.

లోపల నేను యుద్ధం చేస్తున్నాను. ముక్కులో గొట్టం పెడితే కుడిచేత్తో లాగి పారేశాను. నెత్తురు వచ్చింది. మళ్లీ పెట్టారు, మళ్లీ లాగాను. పక్క మార్చడానికి వచ్చిన అటెండరుని ఛాతీ మీద గుద్దాను. పాపం, అతను నాకంటే పెద్దవాడు. చివరికి గాజుగుడ్డతో నా కుడిచేతిని మంచం పట్టీకి కట్టేశారు. ముప్పై ఏళ్లు లోకంలోని బరువులన్నిటికీ ముళ్లు వేసినవాణ్ని, ఒక గాజుగుడ్డ ముడి విప్పలేక ఎద్దులా రంకెలు వేశాను. మాట ముద్దగా ఉండేది కాబట్టి నేను ఏ తిట్లు తిడుతున్నానో ఎవరికీ తెలియలేదు. అదొక్కటే ఆ పదకొండు రోజుల్లో అందరికీ జరిగిన మేలు.

భయం గురించి కూడా రాయాలి. నాకు చావంటే భయం వెయ్యలేదు. ఎడమ వైపు ఎవడో పడుకున్నాడని భయం వేసింది. దుప్పటి కింద ఒక చల్లటి చెయ్యి తగిలేది. తోసేసేవాణ్ని. అది నాదేనని పైడమ్మ ఎత్తి చూపిస్తే ఆ చేతిని చూసి అసహ్యం వేసింది.

ఇంటికొచ్చాక

మా ఇల్లు గదిన్నర. మంచం వేస్తే నడవడానికి దారి ఉండదు. నన్ను లేపడం, కడగడం, బట్ట మార్చడం, అన్నీ పైడమ్మే. ఆమె నా భుజం దాకా రాదు. నా చంకలో తల దూర్చి, గోడకి కాలు తన్నిపెట్టి లేపేది. నాకు కృతజ్ఞత కలగాలి కదా. కలగలేదు. కోపం వచ్చేది. లేపితే కోపం, లేపడం ఆలస్యమైతే కోపం, పక్కింటివాళ్లు తొంగి చూస్తే కోపం, చూడకుండా పోతే అంతకంటే కోపం. గ్లాసు విసిరాను, పళ్లెం విసిరాను, రిమోటు గోడకేసి కొడితే రెండు ముక్కలైంది.

ఒక పొద్దున పైడమ్మ నాకు చోడి అంబలి, అదే రాగి జావ, తాగిస్తోంది. నోటి ఎడమ మూల నుంచి కారిపోతోంది. కారినప్పుడల్లా చీరకొంగుతో తుడుస్తోంది, పసిపిల్లాడికి తుడిచినట్టు. గుమ్మంలో ఎవరో నిలబడి చూస్తున్నారు. పక్కన ఉన్న ఇత్తడి చెంబు అందుకుని ఆమె మొహం మీద కొట్టాను.

కనుబొమ మీద చర్మం పగిలింది. నెత్తురు అంబలి గిన్నెలో పడింది. ఆమె అరవలేదు. అరవలేదని నాకు ఇంకా కోపం వచ్చి చెంబు మళ్లీ ఎత్తాను, కానీ పట్టు జారి అది నా కాలి మీదే పడింది. ఆమె కొంగుతో కన్ను అదిమిపెట్టుకుని, ఒక్కతే నడుచుకుంటూ డిస్పెన్సరీకి వెళ్లి కుట్లు వేయించుకుంది. నల్లా దగ్గర జారిపడ్డానని చెప్పిందట.

రేణు ఊళ్లోనే స్మృతి నగర్‌లో ఉంటుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కంటే హిందీయే బాగా వస్తుంది. ఆ సాయంత్రమే వచ్చి తల్లి మొహం చూసింది.

"జారిపడ్డావా? అమ్మా, సచ్ బోల్, నిజం చెప్పు. పాపా కొట్టాడు కదా?"

పైడమ్మ నా దుప్పటి సర్దుతోంది.

"చలో, నాతో వచ్చెయ్. పాపాని చూడ్డానికి ఎవర్నైనా పెడదాం. నువ్వు ఇక్కడ ఉంటే ఏదో ఒక రోజు మర్ జాయేగీ, చచ్చిపోతావ్."

"అలగనకే," అంది పైడమ్మ. "సెయ్యి పడిపోనాది గదే, ఆ ఉడుకుమోత్తనం. రెక్కాడిన మనిషి. ఆ సెయ్యి లెగిసిందంటే మళ్లీ మామూలు మనిషైపోతాడు. అందాకా నాను ఓపిక పట్టాల."

నేను అటు తిరిగి పడుకుని అంతా విన్నాను. ఆ మాట నాకు చాలా నచ్చింది. తప్పంతా చేతి మీదికి పోయింది. చెయ్యి లేస్తే పైడమ్మ ఉంటుంది, నేను బాగుపడతాను, అంతా చక్కబడుతుంది. లేవకపోతే ఈ గదిలో ఆమెను నేను చంపేస్తానేమోనని నాకే అనిపించేది.

మెదడులో దెబ్బ తగిలిన చోటుని బట్టి కొందరికి కోపం అదుపులో ఉండదని డాక్టరు చెప్పాడు. నిజమే అయి ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇలా మారిపోతే డాక్టరుకి చెప్పండి, జారిపడ్డానని దాచకండి. కానీ నా సంగతి నేను దాచను. రామ్‌ధన్ మీద చెయ్యెత్తినప్పుడు నాకింకా స్ట్రోకు రాలేదు. పెళ్లయిన ఏడాది పులుసులో ఉప్పెక్కువైందని పైడమ్మని గోడకేసి తోసినప్పుడు నాకు ఏ రోగమూ లేదు.

మూడో నెల, ఒక ఆదివారం

తవుడు రోజూ డ్యూటీ దిగి వచ్చేవాడు. నా ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ పట్టి చూసేవాడు.

"ఇది సచ్చిపోనేదన్నా. జామైపోనాది, అంతే."

"జామైతే ఏటి సేస్తాం?" అన్నాను.

"లాగుతాం."

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఇందులో ఎగతాళి ఏమీ లేదు. మా బతుకంతా అదే పని. తుప్పు పట్టి కదలని రోలరు ఎన్నిటిని కదిలించాం! ఫిజియో అమ్మాయి చేతిని మోకాలి మీద పెట్టి, దిండు మీద పెట్టి, వేళ్లు రాసి, ఒక నెల గడిపేసింది. మాకు అది పనిలా అనిపించలేదు.

ఆదివారం తవుడు మరో ఇద్దర్ని తీసుకొచ్చాడు. అర టన్ను చైన్ కప్పీ తెచ్చారు. సీలింగ్ ఫ్యాను దించేసి ఆ కొక్కేనికి కప్పీ తగిలించారు. ముందు బియ్యం బస్తా కట్టి లాగి, కొక్కెం ఆగుతుందో లేదో చూశారు. మేం పనివాళ్లం, అజాగ్రత్తగా చెయ్యం. నా మణికట్టుకి పైడమ్మ పాత చీర మూడు చుట్లు చుట్టి, దాని మీద నైలాన్ బెల్టు వేశారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. సిగ్నల్ నేనే ఇచ్చాను. బరువు లేపాలంటే మా ఖలాసీలు "హాఫీజ్" అంటారు, దించాలంటే "ఆరియా" అంటారు.

"హాఫీజ్," అన్నాను.

గొలుసు టకటకమంటూ కదిలింది. నా చెయ్యి ఒళ్లోంచి లేచింది. ఛాతీ దాటింది. మొహం దాటింది. మూడు నెలల తరవాత నా అరచెయ్యి నా తల పైన కనిపించింది. "హైస్సా!" అని ముగ్గురూ అరిచారు. పైడమ్మ కర్పూరం వెలిగించుకొచ్చి ఆ చేతికి హారతిచ్చింది. కళ్లంట నీళ్లు కారిపోతున్నాయి. "లెగిసింది, లెగిసింది నా తల్లీ" అంటోంది. తవుడు ఇక చాలన్నట్టు గొలుసు ఆపాడు.

"ఇంకో రెండు లింకులు," అన్నాను. తవుడు కాదు, నేనే అన్నాను.

కోడికాలు విరిచినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది భుజంలోంచి. మొదట నొప్పి కూడా తెలియలేదు. నా భుజం ఎముక ముందుకి పొడుచుకొచ్చి ఉండటం పైడమ్మ కళ్లలో చూసి తెలుసుకున్నాను. తరవాత వచ్చింది నొప్పి. దించండిరా అనే మాట కూడా గుర్తు రాక గొడ్డులా అరిచాను. గొలుసు వదిలితే చెయ్యి దభీమని పడుతుంది, పట్టుకుంటే లాగినట్టే ఉంటుంది. తవుడు ఒక్కొక్క లింకే దించాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఉరి తీశారా ఇతన్ని?" అని హిందీలో అరిచాడు. కండరాలన్నీ నిద్రపోతున్నప్పుడు ఆ కీలుని పట్టుకుని ఉండేది ఏదీ ఉండదట. లేవాల్సింది కండరం, మేం లాగింది ఎముకని. వరండాలో తవుడు తన చెంపలు తానే వాయించుకుంటున్నాడు. "ఈ నా కొడుకుని నా కళ్ల ముందుంచొద్దు" అని పైడమ్మకి చెప్పాను. రెండు లింకుల సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ తరవాతి నెల గురించి ఎక్కువ రాయను. చేతిని పట్టీలో కట్టేశారు. అది బూరెలా ఉబ్బింది, దుప్పటి తగిలితే నిప్పు పెట్టినట్టుండేది. ఒక మధ్యాహ్నం పైడమ్మ వంగి నా కాలికి చెప్పు తొడుగుతోంది. లేవబోయి తల నా భుజానికి తగిలించింది. నాలుగు కాళ్ల చేతికర్ర పక్కనే ఉంది. దాంతో ఆమె వీపు మీద కొట్టాను. ముందుకి పడిపోయింది. పడ్డాక మళ్లీ కొట్టాను. మొదటి దెబ్బ నొప్పి కొట్టిందని చెప్పుకోవచ్చు. రెండోది నేనే కొట్టాను.

ఆమె కాసేపు అలాగే పడి ఉంది. తరవాత లేచి మంచినీళ్ల సీసా నాకు అందేలా పెట్టింది. మాత్రలు పొద్దుటివీ రాత్రివీ వేరు చేసి పెట్టింది. సంచీలో నాలుగు చీరలు కుక్కుకుంది.

"నానెల్తన్నాను బావా," అంది. అంతే.

పందొమ్మిది రోజులు

నా కళ్ల ముందుంచొద్దన్నవాడే వచ్చాడు. తవుడు నన్ను కడిగి, గంజి తాగించి, డ్యూటీకి పోయేవాడు. మళ్లీ వచ్చేవాడు. నాలుగో రోజు వాడి మీద ఉమ్మేశాను. తుడుచుకుని, "ఇంకా ఉందా?" అన్నాడు. ఏడుపొచ్చింది. అప్పుడు చెప్పాను, ఇంకో రెండు లింకులు అన్నది నేనేరా అని. "తెలుసన్నా. నా సెవులు బాగానే ఉన్నాయి గదా," అన్నాడు.

పందొమ్మిదో రోజు వాడి ఫోన్లోంచి, రేణు ఇంట్లో ఉన్న పైడమ్మకి చేయించాను. రమ్మని అడగడానికి నోరు రాలేదు. ఆమే అడిగింది.

"ఆ ఫిజియో పిల్ల ఎవులో యోగా దీదీ ఉన్నాదని సెప్పింది గదా. ఆయమ్మ కాడికి ఎల్తావా?"

"యోగాతో ఏటవుద్దే?"

"ఎల్తావా, ఎల్లవా? దినామూ ఎల్తానంటే నానొస్తాను. నువ్వు మానీసిన్నాడు నాను ఎలిపోతాను, మరి రాను. ఆ సెయ్యి లెగాల బావా. అది లెగిస్తేనే మనకి బతుకు."

వెళ్తానన్నాను.

హాలు

ప్లాంటు టౌన్షిప్పులో ఒక సెక్టారు, అందులో పాత కమ్యూనిటీ హాలు. అర్ధచంద్రాకారంగా ఏడు ప్లాస్టిక్ కుర్చీలు, ఏడుగురం స్ట్రోకు వచ్చినవాళ్లం. కొందరికి కుడి, కొందరికి ఎడమ. దీదీ ఛత్తీస్‌గఢీ మనిషి, నర్సు పని చేసి మానేసింది, సన్నగా పొట్టిగా ఉంటుంది. నేను అనుకున్నట్టు కాళ్లు మెలిపెట్టించలేదు, తలకిందులుగా నిలబెట్టలేదు. మొదటి వారమంతా కుర్చీలో నిటారుగా కూర్చోమంది, రెండు పాదాలూ నేలకి ఆనించమంది, ఊపిరి చూసుకోమంది. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదని, విసురుగా వదలకూడదని పదిసార్లు చెప్పింది. తరవాత పడిపోయిన చేతిని చూడమంది. చూడటమే. పావుగంట.

మూడో రోజు నాకు పిచ్చెక్కింది. తెలుగులో, క్యాంపు భాషలో, ఆమె వంశాన్ని మూడు తరాలు తిట్టాను. ఆమె ఓపిగ్గా అంతా విని, వచ్చీరాని తెలుగులో అంది.

"భయ్యా, ఈ గాలీలు, తిట్లు అన్నీ నాకు తెలుసు. నేను క్యాంపులో పెరిగినాను. మా పక్కింటి అప్పలమ్మ ఇంతకంటే బాగా తిట్టేది. అయిపోతే చెయ్యి చూడు."

హాల్లో ఆరుగురూ నవ్వారు. మాట పడిపోయిన ఒక పెద్దాయన తొడ మీద కొట్టుకుంటూ మరీ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి చూశాను.

భుజం కుదుటపడ్డాక లేపడం మొదలైంది. మంచి చేతి వేళ్లు చెడ్డ చేతి వేళ్లలో దూర్చి, గాలి పీలుస్తూ బొడ్డు దాకా, వదులుతూ ఒడిలోకి. నొప్పి మొదలయ్యే చోటికి ఒక్క అంగుళం ముందే ఆగిపోవాలి. నేను ప్రతిరోజూ ఆ అంగుళం దాటాలని చూసేవాణ్ని, ఆమె ప్రతిరోజూ నా మోచెయ్యి కింద అరచెయ్యి పెట్టి ఆపేది. ఒకసారి విసుగెత్తి చేతిని దభాలున ఒళ్లో పడేశాను.

"నువ్వు ఖలాసీవి కదా," అంది దీదీ. "లోడు అలాగే దించుతావా?"

లేపడం ఎవడైనా లేపుతాడు. ఖలాసీ ఎంతటివాడో బరువు దించేటప్పుడు తెలుస్తుంది. ఆ రోజు నుంచి మనసులో నా లెక్క పెట్టుకున్నాను. పీలిస్తే హాఫీజ్, వదిలితే ఆరియా. దించడానికి లేపినదానికి రెట్టింపు సేపు. ఇంతకు ముందు లాగుతుంటే నాకు గొలుసే తెలిసేది. ఇప్పుడు మెడ కింద ఎక్కడో ఒక దారం లాంటిది కదలడం తెలిసింది. కదిలిందా, నా భ్రమా అని రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు.

కోపం సంగతి కూడా దీదీని అడిగాను. రేణు ముందే చెప్పేసి ఉంటుంది, ఆమె ఆశ్చర్యపోలేదు. "కోపం రాగానే కూర్చో," అంది. "నిలబడి ఉంటే కూర్చో. కూర్చుని ఉంటే రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టు. వదిలే ఊపిరి పొడుగ్గా వదులు. తరవాత ఏం చెయ్యాలో తరవాత చూద్దాం. డాక్టరుకి కూడా చెప్పు, దానికీ మందుంటుంది." చెప్పాను. మందు ఇచ్చాడు. ఇవన్నీ చేసినా ఒక అద్దం పగలగొట్టాను, ఒక స్టూలు తన్నాను, గోడని గుద్ది వేలి కణుపు వాచేలా చేసుకున్నాను. పైడమ్మ తిరిగొచ్చాక ఆమె మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. రోజులు గడుస్తుంటే నాలో నేనే గర్వపడ్డాను. రోగంతో పాటు ఆ పాడు గుణం కూడా పోయిందనుకున్నాను.

పైడమ్మ రోజూ ఆటో దాకా వచ్చి ఎక్కించేది. తిరిగి రాగానే ఒకటే ప్రశ్న.

"ఎందాకా లెగిసింది?"

"బొడ్డు దాకా." తరవాత్తరవాత, "రొమ్ము దాకా." ఆ తరవాత, "గెడ్డం దాకా, కుడిసెయ్యి సాయంతోటి." ఆమె దాన్ని రేణుకి ఫోన్లో చెప్పుకునేది.

ఎండలు ముదిరాక

ఆ పొద్దున దీదీ కుడిచేతిని ఒళ్లోనే ఉంచమంది. ఎడమ చెయ్యి ఒక్కటే. గాలి పీల్చాను. మోకాలి మీంచి లేచింది. ఛాతీ దగ్గర ఆగింది. వదిలాను, మళ్లీ పీల్చాను. భుజం దాటింది, చెవి దాటింది, తల పైకి వెళ్లింది. గజగజ వణుకుతోంది, వేళ్లు సగం ముడుచుకునే ఉన్నాయి, కానీ పైన ఉంది. గొలుసు లేదు, ఎవరూ పట్టుకోలేదు. హాల్లో వాళ్లు చప్పట్లు కొట్టలేరు కదా, మంచి చేత్తో తొడలు చరిచారు. "దించు," అంది దీదీ, "నెమ్మదిగా." మూడుసార్లు లేపించింది, మూడుసార్లు దింపించింది.

ఆటోలో ఏడ్చుకుంటూ వచ్చాను. ఆటోవాడు అద్దంలో చూసి, "సబ్ ఠీక్ బాబా?" అంటే, చెయ్యి లేచింది భయ్యా అని తెలుగులోనే చెప్పాను. వాడికేం అర్థమైందో గానీ, సందు చివర ఆపకుండా లోపలికి, ఇంటి గుమ్మం దాకా తెచ్చి దింపాడు.

పైడమ్మ వంటింట్లో అటు తిరిగి పోపు వేస్తోంది. ముందు చెప్పకూడదు, చూపించాలి అనుకున్నాను. గుమ్మంలో నిలబడి, పడిపోకుండా కుడిచేత్తో తలుపు చట్రం గట్టిగా పట్టుకున్నాను. ఊపిరి పీల్చాను. చెయ్యి లేచింది. తల పైదాకా లేచింది.

"పైడీ!" అన్నాను గట్టిగా.

ఆమె వెనక్కి తిరిగింది. గుమ్మం నిండా నేను, నా తల మీద లేచిన చెయ్యి.

"ఓలమ్మో, వొద్దు బావా!"

గరిటె కింద పడింది. పొయ్యి గట్టుకీ గోడకీ మధ్య సందులో కూలబడిపోయింది. రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుంది. వీపు నా వైపు పెట్టింది. ఎక్కడ తగిలితే తక్కువ నొప్పో ఆమెకి తెలుసు.

నా చెయ్యి ఇంకా పైనే ఉంది. ఒక్కసారిగా వదలలేను, ఒకసారి ఊడిన భుజం అది. ఊపిరి వదులుతూ దించాలి. దించాను. చెవి దాకా, భుజం దాకా, ఛాతీ దాకా. అది దిగుతున్నంత సేపూ ఆమె ఆ సందులో ముడుచుకుని దెబ్బ కోసం ఎదురుచూస్తూనే ఉంది. పోపు మాడిపోతోంది.

"ఎడం సెయ్యే," అన్నాను. "లెగిసింది. సూపిద్దామనీసి."

చేతుల సందులోంచి చూసింది. "ఎడం సెయ్యా?"

"ఆఁ."

"సొంతంగా లెగిసిందా?"

"సొంతంగానే. ఎవులూ అట్టుకోనేదు."

"నా తల్లే, నా తల్లే," అని అక్కడే కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది, విజయనగరం పైడితల్లమ్మకి దండం పెట్టుకుంది. కానీ నేను గుమ్మంలోంచి వెనక్కి జరిగి కుర్చీలో కూర్చునేదాకా ఆ మూల నుంచి లేవలేదు.

చెయ్యి లేస్తే మళ్లీ మామూలు మనిషినైపోతానని ఇద్దరం నమ్మాం. చెయ్యి లేచింది. మామూలు మనిషంటే ఆమెకి ఎవరో నాకు ఆ రోజు తెలిసింది. నన్ను క్షమించమని అడిగాను, ఆ చెంబుకీ, ఆ కర్రకీ, ఉప్పెక్కువైన పులుసుకీ కూడా. "పోనీలే బావా, లెగిసింది గదా," అంది. ఆమె నా మాట వినిపించుకోలేదో, విని పక్కన పెట్టిందో నాకు తెలియదు.

ఇది చదివేవాళ్లలో నాలాంటివాళ్లుంటే, యోగా చెయ్యండి. తెలిసినవాళ్ల దగ్గర, డాక్టరుకి చెప్పి, నెమ్మదిగా. నా చెయ్యి వచ్చింది, మీదీ రావచ్చు. నేను రోజూ హాలుకి వెళ్తున్నాను. ఇంట్లో కూడా రెండు పూటలా చెయ్యమంది దీదీ. పైడమ్మ నీళ్లకి వెళ్లినప్పుడు బయట సందులో కుర్చీ వేసుకుని చేస్తాను. వంటింట్లో పైఅరలో ఉన్న పప్పుడబ్బా ఇప్పుడు నా ఎడమ చేతికి అందుతుంది. ఆమె ఇంట్లో ఉంటే మాత్రం దాన్ని అందుకోను. కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, "పైడీ, ఆ డబ్బా కాసంత తియ్యవే," అంటాను.